సముద్రగర్భ వాయునాళికలు: ఒత్తిడిని దించు విద్య

ఒక శక్తిని బంధించుట యొక విద్య. బంధించిన శక్తిని హాని లేకుండ విడుదల చేయుట మరియొక విద్య. మొదటిదానిని లోకము మెచ్చుకొనును. రెండవదానిని ప్రమాదము జరిగిననాడు మాత్రమే తలచును. ధవళేశ్వరమువద్ద గోదావరికి వరద వచ్చినప్పుడు బారేజి తలుపులను ఒక క్రమము ప్రకారము ఎత్తుదురేగాని తోచినట్లు ఎత్తరు. నీటి విషయమున మన తాతముత్తాతలకు సహితము తెలిసిన ఈ మర్మమే, కంటికి కనబడని వాయువు విషయమున, అందునను సముద్రము అడుగున గొట్టములో బిగింపబడిన వాయువు విషయమున, పదిరెట్లు జాగ్రత్తతో పాటింపవలసియున్నది.

నేడు మనదేశమున ఎరువుల కర్మాగారములలోను, విద్యుత్కేంద్రములలోను, పట్టణములందలి కొన్ని వంటయిండ్లలోను మండుచున్న సహజవాయువులో గణనీయమైన భాగము కడలి క్రింది రాతిపొరలనుండి వచ్చుచున్నది. పడమట ముంబయి తీరమునకు ఎదుటను, తూర్పున కృష్ణా గోదావరి ముఖద్వారములకు ఎదుటను ఆ నిక్షేపములు కలవు. 2009 ఏప్రిల్ నెలలో బంగాళాఖాతపు లోతులనుండి వాయువు కాకినాడకు దక్షిణమున నున్న గాడిమొగ తీరమును చేరనారంభించినది. 2020 డిసెంబరులో అదే ప్రాంతమున 2,000 మీటర్లకు మించిన నీటి లోతునుండి సహితము వాయువు రాసాగినది. పడవలపై పోవు మన బెస్తవారి వలలకు ఎన్నడును అందని లోతున, ఉక్కు గొట్టములు రేయింబవళ్లు ఆ వాయువును మోయుచున్నవి.

ఆ గొట్టమును ఒకనాడు విప్పవలసివచ్చును. కవాటము పాడుకావచ్చును, లంగరు తగిలి గొట్టము సొట్టపడవచ్చును, లోపల అడ్డు ఏర్పడవచ్చును, లేదా పనికాలము తీరి దానిని శాశ్వతముగ మూయవలసిరావచ్చును. అప్పుడు మొదట చేయవలసినపని లోపలి ఒత్తిడిని దించుట. అది ఎట్లు జరుగును? అందుగల ఆపదలెవ్వి? ఆ పని సకాలమున జరుగనిచో ఏమగును? ఈ ప్రశ్నలకు సమాధానములలో పాఠశాలలోని భౌతికశాస్త్రము దాదాపు అంతయు ఇమిడియున్నది.

గొట్టములో దాగిన కొండ

వాయువును దూరదేశమునకు పంపవలెనన్న దానిని నొక్కవలెను. నొక్కనిదే అది కదలదు. నొక్కనిచో ఎంత పెద్ద గొట్టమైనను చాలదు. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రము మన విద్యార్థు లందరు ఎరిగినదే: ఉష్ణోగ్రత మారనప్పుడు ఒత్తిడి రెట్టింపైన వాయువు ఆక్రమించు చోటు సగమగును.

ఒక చిన్న లెక్క వేయుదము. లోపలి వ్యాసము అర మీటరు, పొడవు 50 కిలోమీటర్లు గల గొట్టమును ఊహింపుడు. దాని అడ్డుకోత వైశాల్యము సుమారు 0.196 చదరపు మీటర్లు. దానిని 50,000 మీటర్లతో గుణించినచో సుమారు 9,800 ఘనపు మీటర్లు వచ్చును. సులభముగ నుండుటకు 10,000 అనుకొందము. అందు వాయువు 100 వాతావరణ పీడనములతో నిండియున్నచో, బయటి గాలిలోనికి వచ్చిన పిమ్మట అది 10 లక్షల ఘనపు మీటర్లగును. నిజమునకు అంత ఒత్తిడిలో సహజవాయువు బాయిల్ చెప్పినదానికంటె మరికొంత ఎక్కువగా కుదించుకొనును గనుక ఈ లెక్క తక్కువదియే. తూనికలో అది 700 టన్నుల పైమాట. ఎడ్లబండి చక్రముకంటె సన్నని గొట్టములో ఇంత ఇంధనము దాగియున్నది.

ఇది ఎంతసేపటిలో వెలికి వచ్చును? ఒకే కంతగుండ వాయువు పోవునప్పుడు, లోపలి ఒత్తిడి ఎంత ఎక్కువైన అంత వేగముగ పోవును. ఒత్తిడి తగ్గినకొలది ప్రవాహమును మందగించును. కావున 100 నుండి 50కి దిగుటకు 6 గంటలు పట్టినచో, కవాటమును మార్పక అట్లే యుంచినయెడల 50 నుండి 25కు దిగుటకు మరల 6 గంటలు, 25 నుండి పన్నెండున్నరకు మరల 6 గంటలు పట్టును. మూడు వాతావరణముల దరికి వచ్చుసరికి 30 గంటలు గడచును. పొడవైన గొట్టములో మరియొక చిక్కు: గోడల రాపిడివలన ఆవలి కొననుండి వాయువు ఈవలికి చేరుట ఆలస్యమగును. ఈ కొనయందలి మాపకపు ముల్లు దిగిపోయినను ఆ కొనలో ఒత్తిడి నిలిచియుండవచ్చును. ఒక్క ముల్లును నమ్మి పనిచేయరాదనుట ఈ వృత్తిలో మొదటి పాఠము.

మొదటి ఆపద: చలి

సైకిలు ట్యూబునుండి గాలి తీయునప్పుడు కవాటముపై వ్రేలుంచి చూచినవారికి అది చల్లబడుట తెలియును. ఒత్తిడి తగ్గి వ్యాకోచించునప్పుడు వాయువు చల్లబడును. 1850 తరువాతి దశకమున జేమ్స్ జౌల్, విలియమ్ థామ్సన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు సన్నని దారిగుండ వాయువును పోనిచ్చి, ఉష్ణోగ్రత ఎట్లు మారునో కొలిచిరి. సహజవాయువు విషయమున ఒక్కొక్క వాతావరణ పీడనము తగ్గినప్పుడు సుమారు అర డిగ్రీ సెంటిగ్రేడు చల్లబడునని స్థూలముగ చెప్పవచ్చును. 100 వాతావరణములనుండి ఒక్కసారి బయటి గాలిలోనికి విడిచినచో ఇంచుమించు 50 డిగ్రీలు తగ్గును. పది డిగ్రీల వాయువు కవాటము దాటుసరికి సున్నకు దిగువ నలుబది డిగ్రీలగునన్నమాట.

చలియైన నేమి? ఉక్కునకు చలి వేయునా? అని విద్యార్థులు నవ్వవచ్చును. ఉక్కునకు చలి ప్రాణాంతకము. వెచ్చని ఉక్కు ఎక్కువ బరువు పడినప్పుడు వంగును, సాగును. విరుగుటకు ముందు హెచ్చరిక చేయును. మిక్కిలి చల్లబడిన సాధారణపు ఉక్కు గాజువలె ఫెళ్లున పగులును. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిశ్చలమైన నీటిలో కట్టియుంచిన షెనెక్టాడీ అను క్రొత్త చమురు ఓడ, తుపానుగాని తాకిడిగాని లేకయే నడుమకు పగిలినది. ఉక్కు నాణ్యత, అతుకుల లోపము, శీతకాలపు చలి, ఇవన్నియు కలిసి ఆ పని చేసినవి. ఆ కాలమున అట్లు పగిలిన ఓడలు మరికొన్ని కలవు. నాటినుండి చలిలో ఉక్కు పెళుసుబారుటను ఇంజనీర్లు ప్రత్యేకముగ పరీక్షించుచున్నారు.

కావుననే వాయువును విడుచు కవాటము తరువాతి గొట్టములను చలికి తట్టుకొను ప్రత్యేకపు ఉక్కుతో చేయుదురు. అది చాలదు. విడుదల వేగమును అదుపున నుంచి, ఉష్ణోగ్రతను గంటగంటకు కాదు, నిమిషనిమిషమునకు చూచుచుందురు. గొట్టము చుట్టునుగల సముద్రజలము ఈ పనిలో మిత్రునివలె సహాయపడును. మెల్లగా విడిచినచో, నీటినుండి వేడి గొట్టపు గోడగుండ లోనికి పోయి చల్లబడిన వాయువును మరల వెచ్చజేయును. తొందరపడినచో ఆ వేడి వచ్చి చేరుటకు వ్యవధి చాలదు. నిదానమే ప్రధానమన్న మన పెద్దల మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

రెండవ ఆపద: మండెడి మంచు

1934లో హామర్‌ష్మిట్ అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు ఒక వింతను వివరించెను. వాయునాళికలు సున్న డిగ్రీలకు పైనను, అనగా నీరు గడ్డకట్టరాని వెచ్చదనములోనే, మంచువంటి పదార్థముతో మూసికొనిపోవుచుండెను. అది నీటిమంచు కాదని, నీటి అణువులు గూడుకట్టి నడుమ వాయువు అణువులను బంధించుటచే ఏర్పడిన పదార్థమని ఆయన తెలిపెను. దీనినే హైడ్రేటు అందురు. క్లోరిన్ వాయువుతో ఇట్టి పదార్థము ఏర్పడునని హంఫ్రీ డేవీ 1810 ప్రాంతముననే గుర్తించియుండెను. కాని అది ప్రయోగశాలలోని వింతగనే మిగిలియుండెను. చూచుటకు తెల్లని మంచు. అగ్గిపుల్ల చూపిన మండును. ఒక పాలు హైడ్రేటులో దానికి 160 రెట్లకు పైబడిన వాయువు ఇమిడియుండును.

నాలుగు డిగ్రీల చలి, సుమారు 40 వాతావరణముల ఒత్తిడి, కొంచెము తడి యున్నచో చాలును, మీథేను వాయువు హైడ్రేటుగ మారగలదు. లోతైన సముద్రపు అడుగున ఈ చలి ఎల్లప్పుడును ఉన్నదే. అందుచేత అట్టి గొట్టములలోనికి మిథనాలునుగాని గ్లైకాలునుగాని ఎక్కించి, హైడ్రేటు ఏర్పడకుండ చూతురు. అయినను ఒక్కొక్కప్పుడు అది కట్టుకొని గొట్టమును బిరడావలె మూసివేయును.

ఈ బిరడాను కరిగించుటకు మార్గము మరల ఒత్తిడిని దించుటయే. ఒత్తిడి తగ్గినచో గూడు చెదరి నీరును వాయువును వేరగును. ఇక్కడనే తెలియనివాడు ప్రాణము మీదికి తెచ్చుకొనును. బిరడాకు ఒక్క ప్రక్కననే ఒత్తిడిని తీసివేసినాడనుకొనుడు. రెండవ ప్రక్కన 100 వాతావరణములు నొక్కుచుండును. హైడ్రేటు మొదట గొట్టపు గోడ వెంబడి కరిగి వదులగును. వదులైన మరుక్షణము ఆ మంచుదిమ్మ తుపాకిగుండువలె పరుగెత్తును. గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో అట్టి దిమ్మలు కదలి, గొట్టపు వంపులను చీల్చివేయగలవు. కావున బిరడాకు ఇరువైపులను సమానముగ, త్రాసు ముల్లు అటునిటు వాలకుండ, ఒత్తిడిని దింపవలెనని నియమము. అదియు మరీ వేగముగ దింపరాదు. దింపినచో కరిగిన నీరు చలికి మరల మామూలు మంచుగ గడ్డకట్టి, ఒక అడ్డు పోయి మరియొక అడ్డు వచ్చును. ఈ పనికి కొన్ని తావుల రోజులు, మరికొన్ని తావుల వారములు పట్టును.

మూడవ ఆపద: కడలి బరువు

నేలమీది గొట్టమునకు వెలుపల ఉన్నది గాలి. సముద్రగర్భమున ఉన్న గొట్టమునకు వెలుపల నీటి బరువున్నది. ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణము చొప్పున అది పెరుగును. 70 మీటర్ల లోతున 7, 2,000 మీటర్ల లోతున 200. లోపలి వాయువు బయటి నీటికి ఎదురొత్తుడుగా నిలిచియుండును. దానిని పూర్తిగా తీసివేయునప్పుడు ఆ గొట్టము కేవలము తన గోడల బలముతోనే నీటి బరువును ఓర్చుకొనగలదా యని ముందుగ లెక్క చూచుకొనవలెను. ఓర్వలేనిచోట కొంత ఒత్తిడిని లోపల మిగుల్చుదురు, లేక నీటితో నింపుదురు.

నీటికిని వాయువునకును గల ఈ తూకమును లోకమంతయు 2022లో చూచినది. రష్యానుండి జర్మనీకి బాల్టిక్ సముద్రము అడుగున వేసిన నార్డ్ స్ట్రీం నాళికలు సెప్టెంబరు 26న విస్ఫోటనములకు గురియైనవి. ఆ గొట్టములు ఒక్కొక్కటి 1,200 కిలోమీటర్ల పైబడిన పొడవు, ఒక మీటరునకు మించిన లోపలి వ్యాసము గలవి. అప్పుడు వాటిలో ప్రవాహము లేకున్నను వాయువు నిండియున్నది. ఒక నాళికలో 105 బార్ల ఒత్తిడి 7 బార్లకు పడిపోయినట్లు జర్మనీ తీరమున గుర్తించిరి. ఏడే ఎందుకు? పగులు పడినచోట నీటి లోతు సుమారు 70 మీటర్లు. లోపలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడితో సమానమగువరకు వాయువు వెలికి పొంగినది; సమానమైన పిమ్మట నిలిచినది. ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి చూపుటకు ఇంతకంటె పెద్ద ప్రయోగము ప్రపంచములో జరిగియుండదు.

ఆ రోజులలో సముద్రముపై సుమారు కిలోమీటరు వెడల్పున నీరు ఉడుకుచున్నట్లు బుడగలు లేచినవి. ఓడలు ఆ దరికి పోరాదని నిషేధించిరి. వెలువడిన మీథేను సుమారు 4 లక్షల 65 వేల టన్నులని 2025లో ప్రకటింపబడిన శాస్త్రజ్ఞుల అంచనా. నిండిన గొట్టమును అదుపు లేక విడిచినప్పుడు ఏమగునో తెలిసికొనుటకు ఇది నిదర్శనము.

క్రమము తప్పని పని

ఇక సక్రమమైన విధానమును చూతము. వాయువును గాలిలోనికి విడుచుట మొదటి మెట్టు కాదు. అది చివరి మెట్టు. మొదట ఉత్పత్తిని నిలిపి, గొట్టములోని వాయువును తీరముననున్న వినియోగదారులకే పోనిత్తురు. వారి గొట్టముల ఒత్తిడి ఎంతయో అంతవరకు ఇట్లు దిగును. ఆ పిమ్మట కంప్రెసర్ యంత్రములతో మరికొంత పీల్చి వాడుకకు పంపుదురు. 100 వాతావరణములతో ఆరంభించి ఈ రీతిగ 25కు దింపగలిగినచో, నాలుగింట మూడు పాళ్లు వ్యర్థముగాకుండ నిలిచినట్లే.

మిగిలినదానిని ఎత్తయిన గొట్టపు కొనయందు మండింతురు. కోనసీమ పొలములనడుమ రాత్రివేళ అట్టి మంటలను చూచినవారు మన పాఠకులలో ననేకులు ఉందురు. మండించుట ఎందుకు? మీథేనును అట్లే గాలిలో కలిపినచో అగ్నిప్రమాదమేగాక భూగోళమునకే కీడు. నూరేండ్ల కాలమును తీసికొని చూచినచో, బొగ్గుపులుసు వాయువుకంటె మీథేను తూకమునకు తూకము సుమారు 28 రెట్లు వేడిని నిలుపును. ఇరువది ఏండ్లకే చూచినచో సుమారు 80 రెట్లు. మండించినచో అది బొగ్గుపులుసు వాయువుగను నీటి ఆవిరిగను మారును. అదియు నిర్దోషము కాదు. కీడులో తక్కువ కీడు. మంట ఎంత ప్రవాహమును భరింపగలదో దానికి మించి విడుచుట తగదు; వేడి దరినున్న మనుష్యులను, యంత్రములను మాడ్చును.

విడుచునప్పుడు మొదట కవాటమును సన్నగా తెరతురు. ఒత్తిడి దిగినకొలది చలియు తగ్గును గనుక, మెల్లమెల్లగా కంతను పెద్దది చేయుదురు. అందుచేత మనము పైన వేసిన లెక్కలోని 30 గంటలు కొంత తగ్గును. ఉష్ణోగ్రత నిర్ణీతమైన హద్దును తాకిన వెంటనే నిలిపి, గొట్టము వెచ్చబడువరకు వేచియుందురు.

ఒత్తిడి అంతయు దిగిన పిమ్మటను గొట్టము నిండ మీథేనే. గాలిలో మీథేను నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్లవరకు కలిసియున్నప్పుడు నిప్పురవ్వ తగిలిన పేలును. గొట్టమును తెరచి గాలి చొరనిచ్చినచో ఎక్కడనో ఒకచోట ఆ మిశ్రమము తప్పక ఏర్పడును. అందుచేత నడుమ నత్రజనిని పంపి మీథేనును వెడలగొట్టుదురు. నత్రజని మండదు, మండనీయదు. శత్రువులిద్దరి నడుమ నిలిచిన మధ్యస్థుడువంటిది.

తుదకు తలుపు విప్పుట. గొట్టపు కొనయందలి తలుపు వ్యాసము అర మీటరనుకొనుడు. లోపల ఒకే ఒక వాతావరణము అధికముగ మిగిలినను ఆ తలుపుపై రెండు టన్నుల బలము పనిచేయుచుండును. నూరులో తొంబదితొమ్మిది పాళ్లు దించినామన్న తృప్తితో మరలు విప్పినవాని ఎదుట ఆ తలుపు రెండు టన్నుల సమ్మెటయగును. కావున వాయువు వచ్చు వైపున రెండు కవాటములు మూసి, ఆ రెంటి నడుమ చిన్న రంధ్రమును బయటికి తెరచియుంతురు. మొదటి కవాటము కారినను ఆ కారుడు రంధ్రముగుండ పోవునేగాని పనివాని మీదికి రాదు. కవాటములకు తాళములు వేసి, తాళపుచెవులను బాధ్యతగల అధికారియొద్ద నుంచి, ఎవరెవరు ఏ పనిలో నున్నారో కాగితముపై వ్రాసియుంతురు. ఆ కాగితము విలువ ఎంతటిదో ఇక చెప్పబోవు కథ తెలుపును.

దింపుటకు వ్యవధి లేనప్పుడు

స్కాట్లండులోని అబెర్డీన్ పట్టణమునకు ఈశాన్యముగ సుమారు 190 కిలోమీటర్ల దూరమున, ఉత్తర సముద్రములో పైపర్ ఆల్ఫా అను ఉక్కువేదిక యుండెడిది. తన చమురును వాయువును వెలికితీయుటేగాక, టార్టన్, క్లేమోర్ అను పొరుగు వేదికలతోను, ఎం.సి.పి.-01 అను మధ్యస్థ కేంద్రముతోను వాయునాళికలచే అది కలుపబడియుండెను. ఆ గొట్టములు సముద్రపు అడుగునుండి నిట్టనిలువుగ వేదికపైకి లేచుచుండెను. అట్లు లేచు భాగమును రైజరు అందురు.

1988 జూలై 6. వాయువునుండి వేరుపడిన తేలిక ద్రవమును తోయు పంపులు రెండింటిలో ఒకదానిని మరమ్మతుకొరకు నిలిపిరి. దాని రక్షణకవాటమును తీసివేసి, ఆ చోటును మూతతో మూసిరి. ఆ సంగతి వ్రాసిన కాగితము రాత్రి వంతువారి దృష్టికి రాలేదు. రాత్రి రెండవ పంపు ఆగిపోగా, వారు మొదటిదానిని నడిపిరి. మూత బిగువుగ లేదు. ద్రవము చిమ్మినది. పది గంటల ప్రాంతమున పేలుడు జరిగినది.

అంతటితో నిలిచినచో అది పెద్ద ప్రమాదమైనను, లొంగదీయదగినది కావచ్చును. కాని మంట రైజరులను నాకసాగినది. ఆరువందల డిగ్రీల దరికి కాగిన ఉక్కులో బలము సగమైనను మిగులదు. లోపలి ఒత్తిడిమాత్రము తగ్గదు. పది గంటల ఇరువది నిమిషములకు టార్టన్ నుండి వచ్చు గొట్టము తెగినది. మైళ్లకొలది పొడవున సముద్రగర్భమున నిండియున్న వాయువంతయు ఆ తెగిన కొననుండి నిప్పుకొండవలె వెలిగ్రక్కినది. సుమారు పది ఏబదికి ఎం.సి.పి.-01 గొట్టమును, పదునొకండు ఇరువదికి క్లేమోర్ గొట్టమును తెగినవి. అర్ధరాత్రి దాటిన కొలదిసేపటికి వేదికలో పెక్కు భాగము కడలిపాలైనది. 167 మంది మరణించిరి. వారిలో ఇరువురు రక్షింపవచ్చిన పడవవారు. 61 మంది బ్రతికి బయటపడిరి. ఆజ్ఞ వచ్చునని వసతిగృహములో వేచియుండినవారిలో అధికసంఖ్యాకులు పొగకే బలియైరి. ఆజ్ఞను అతిక్రమించి సముద్రములోనికి దూకినవారిలో కొందరు జీవించిరి.

వాయువును ఆపు కవాటములు లేకపోలేదు. కాని అవి వేదికమీద నుండెను. తలుపునకు వెలుపల తెగిన గొట్టమునకు తలుపు కాపు కాజాలదు. పొరుగు వేదికలవారు ఆకాశమున మంటను చూచియు తమ ఉత్పత్తిని వెంటనే నిలుపలేదు. నిలుపు నిర్ణయమును తామే తీసికొనుటకు సంకోచించిరి. అన్నిటికంటె మనస్సును కలచు విషయము మరియొకటి కలదు. ఆ గొట్టముల ఒత్తిడిని దింపుటకు గంటలు పట్టునని, అంత ఇంధనము మంటకు తోడైనచో వేదిక పది పదునైదు నిమిషములలోనే బలము కోల్పోవచ్చునని, ఆ దుర్ఘటనకు ముందే ఒక ఇంజనీరు నివేదిక యజమానుల కందియుండెను. లెక్క సరియైనదే. లెక్కను చదివినవారు దానిని కార్యముగ మార్పలేదు.

లార్డ్ కలెన్ అను న్యాయమూర్తి అధ్యక్షతను జరిగిన విచారణ 1990 నవంబరులో 106 సిఫారసులను చేసినది, అన్నియు అంగీకరింపబడినవి. అంతకుముందే, 1989లో, ప్రతి రైజరునకును నీటిమట్టమునకు సాధ్యమైనంత సమీపమున ఆపత్కాల కవాటము ఉండితీరవలెనని బ్రిటనులో శాసనము చేసిరి. కొన్ని గొట్టములకు సముద్రపు అడుగుననే, వేదికకు కొంత దూరమున, మరియొక కవాటమును అమర్చుట ఆచారమైనది. దీని మర్మమేమన: యాబది కిలోమీటర్ల గొట్టమును నిమిషములలో ఖాళీచేయుట ఎవరికిని సాధ్యము కాదు. కావున దానిని ముక్కలుగ విభజింపవలెను. వేదికకు దగ్గరనున్న కొలది భాగమును మాత్రమే ఖాళీచేయవలసి వచ్చినచో, అది నిమిషముల పనియగును.

మన దేశమునకును ఈ పాఠము తప్పలేదు. 2005 జూలై 27న ముంబయి హై క్షేత్రమునందలి ఒక వేదికకు, వర్షకాలపు అలలలో దరికి వచ్చిన సహాయక నౌక తగిలినది. ఆ తాకిడికి రైజరు చిట్లి వాయువు వెలువడి మంటలు లేచినవి. కొలది గంటలలో వేదిక భస్మమైనది. 22 మంది అసువులు బాసిరి. 362 మందిని రక్షించిరి. ఓడ రాకపోకలు జరుగుచోట రైజరులను నిలుపరాదని, నిలుపవలసివచ్చినచో వాటికి కాపుండవలెనని ఇది నేర్పినది.

రెండు సామెతలు

మన భాషలో రెండు సామెతలు ఒకదానికొకటి విరుద్ధముగ కనబడును. ఒకటి: నిదానమే ప్రధానము. మరియొకటి: ఆలస్యము అమృతము విషము. ఏది నిజమని పిల్లలు గురువులను అడుగుచుందురు. వాయునాళిక రెంటికిని చోటుచూపుచున్నది. ఒత్తిడిని దించు కవాటమును తెరచునప్పుడు నిదానమే ప్రధానము. చలి, మంచుదిమ్మ, నీటి బరువు, నిప్పు, అన్నియు తొందరపాటుకొరకే పొంచియుండును. ప్రవాహమును నిలుపు కవాటమును మూయునప్పుడు ఆలస్యమే విషము. పై అధికారి మాటకై ఎదురుచూచిన ప్రతి నిమిషమును ఎవరో ఒకరి ప్రాణముతో చెల్లింపబడును. రెండవదానికి తొందర పనికివచ్చునట్లు చేయవలెనన్న, ఆ నిర్ణయమునకు కావలసిన ఆలోచన నిదానముగ, శాంతికాలముననే పూర్తికావలెను. ఎవడు మంటను మొదట చూచునో వాడే కవాటమును మూయవచ్చునని, మూసినందుకు వానిని ఎవరును నిందింపరని ముందుగనే వ్రాసియుంచవలెను.

ఇప్పుడు గాడిమొగలోను, ఓడలరేవులోను, ఆ తీరపు ఇతర గ్రామములలోను చదువుకొనుచున్న బాలబాలికలలో కొందరు రేపు ఆ కవాటములయొద్ద నిలువబోవుచున్నారు. బాయిల్ సూత్రమును పరీక్షకొరకు వల్లించిన పిల్లవానికి నాలుగు మార్కులు వచ్చును. ఆ సూత్రము వెనుక 700 టన్నుల వాయువును, దాని ఎదుట పనిచేయు మనుష్యుని చూడగలిగిన పిల్లవాడు, ఒకనాటి రాత్రి వంతులో తన చేతికి వచ్చిన కాగితమును కడవరకు చదువును. ముల్లు సున్నను చూపినను రెండవ ముల్లును చూచును. ఈ అలవాటును తరగతిగదిలో కలిగించుట ఉపాధ్యాయుల చేతిలోని పని.